శామీర్‌పేట రోడ్డు మీద నలుగురం

నవంబర్ 3, ఆదివారం

ఇయ్యాల నలుగురమైనం. కామేశ్వరి గారు వాళ్ల కాలనీల ఉండే ఒకామెను ఎంటబెట్టుకొచ్చింది. ఆంధ్రామెనే, తణుకు దిక్కట. మస్తు లావున్నది. నన్ను జూసి దండం బెట్టి, పేరు బాలాత్రిపురసుందరి, బాల అంటే చాలు అని చెప్పింది. డాక్టర్ నడవమన్నడట.

పూడూరు దాటినంక ఆమె ఎనకవడ్డది. ఆయాసం. సుచిత్ర మెల్లగ, "ముగ్గురి పేర్లు ఒక్కదానికే పెట్టిండ్రు. ఒళ్లు గూడ ముగ్గురిదే ఇచ్చిండ్రు" అన్నది. కామేశ్వరి గారు ఎనకకు జూసుకుంట నవ్వింది. నేను గూడ నవ్విన. ఆమె దగ్గరికొచ్చి, ఏంటండీ నవ్వుతున్నారు, నాకూ చెప్పండి అన్నది. సుచిత్ర ఏదో సీరియల్ ముచ్చట చెప్పింది. ఆమె గూడ నవ్వింది.

పోయిన ఆదివారం దాక నా చెప్పులే వాళ్లకు ముచ్చట. రోజారాణి చెప్పుల సప్పుడుకు ఊళ్లె కుక్కలు లేస్తయని సుచిత్ర అంటది. దాని మనసుల ఏమీ ఉండది. చిన్నప్పటి సంది గంతే. ఎనిమిదో తరగతిల నన్ను బాత్రూంల బెట్టి గొళ్లెం ఏసింది గూడ నవ్వులాటకే. స్కూల్ విడిచిపెట్టే దాక మరిచిపోయింది, గంతే.

ఇయ్యాల నా చెప్పుల మాట ఎవరూ ఎత్తలే. మంచిగ నడిచినం. ద్రాక్ష తోటలున్న కాడ అన్నీ వెంచర్ బోర్డులే అయినయ్. చల్లగాలి మంచిగున్నది.

నవంబర్ 5

పుణెల వాన పడ్తాందట. ఫోన్ల జూసిన. స్టాఫ్ రూంల చెప్పిన, మా ఆయన గొడుగు గూడ తీస్కపోలేదు, ఎట్ల తిప్పలు పడుతుండో అని. హిందీ టీచర్ అయ్యో అన్నది.

మా ఆయన రాఘవేందర్ ఫోన్ ఎత్తలే. బోనాలప్పటి సంది ఎత్తుతలేడు.

నవంబర్ 10, ఆదివారం

ఇయ్యాల ఇంకింత ముందట్కి పోయినం. డిసెంబర్ ఒకటి నాటికి మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాక ఒక్క తాపనే నడవాలని సుచిత్ర పట్టువట్టింది. వచ్చేటప్పుడు వాళ్ల డ్రైవర్ కారు తెస్తడట. వాళ్ల బిడ్డ ఫోన్ల వీడియో జేసి పెడ్తదట, అందరు జూస్తరట.

తోవల ఒక కాడ పెద్ద గోడ, నీలం గేటు ఉన్నది. గంజాయి, మందు మాన్పించే సెంటర్. ఆ గేటు కాడికి రాంగనే బాల గారు వంగి బూటు దారం కట్టుకుంటది. పోయేటప్పుడు కట్టుకున్నది, వచ్చేటప్పుడు కట్టుకున్నది. సుచిత్ర, "గీ గేటును జూస్తెనే గామె బూట్లు ఇడిపోతయ్" అన్నది. ఆమె వంగినప్పుడు ఎనక నుంచి ఫోటో దీసింది. మా ముగ్గురికి వేరే గ్రూప్ ఉన్నది కద, అండ్ల పెట్టింది. కామేశ్వరి గారు ఏడ్సుకుంట నవ్వే బొమ్మలు వరుసబెట్టి పెట్టింది.

నేను ఒక్కటే బొమ్మ పెట్టిన.

నవంబర్ 14

అత్తమ్మ కొడుకు ముచ్చట ఎత్తది. పక్కింటోళ్లు అడిగితే, పుణెల ఉన్నడు, నెలనెలా ఫోన్ జేస్తడు అంటది. ఆమెకు నేను చెప్పిన అబద్ధమే ఇది. ఇప్పుడు తిరిగి నాకే చెప్తది.

నవంబర్ 17, ఆదివారం

 రాయకుంటే నిద్రవట్టది.

ఇయ్యాల వాళ్లిద్దరు ముందట్కి పోయిండ్రు. బాల గారు నా చెయ్యి వట్టుకొని, కొంచెం నెమ్మదిగా నడుద్దామండీ అన్నది. కాలు నొప్పేమో అనుకున్న.  కోళ్లఫారం దాటినంక చెప్పింది. వాళ్ల తమ్ముడు కుత్బుల్లాపూర్‌ల ఉంటడట. వాళ్ల ఎదురు పోర్షన్‌ల కొత్తగ ఒక జంట దిగిండ్రట. నాగులచవితి నాడు పోయినప్పుడు ఆ ఇంట్లకెల్లి ఒకాయన కూరగాయల కవర్ వట్టుకొని ఎదురొచ్చిండట. మొదటి నాడు నా ఫోన్ల మా ఆయన ఫోటో జూసింది కద, గాయననే అట. పలకరిస్తె లోపట్కి పోయి తలుపేసుకున్నడట. ఆయన ఎంట ఉండేటామె పేరు భవాని అట.

భవాని. ఆయన పనిజేసే ప్లాస్టిక్ కంపెనీల ప్యాకింగ్ కాడ ఉంటది. నాకు తెలుసు. నాకు మొదటి సంది తెలుసు.

బాల గారు, "ఇంకెవరికీ చెప్పలేదండీ. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను" అన్నది.  మా ఆయన పుణెల ఉన్నడు అన్న. ఆమె అవునండీ అన్నది. అవునండీ అని నా చెయ్యి నొక్కింది.

అటెనక ఇంకొక ముచ్చట చెప్పింది. గా నీలం గేటు ఎనక ఆమె కొడుకున్నడు. సుజిత్. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ల గంజాయికి మరిగి, ఇంట్ల టీవీ పలగ్గొట్టి, తండ్రి మీద చెయ్యెత్తిండట. వాళ్లాయన చక్రపాణి గారే తీస్కపోయి చేర్పించిండట. కాలనీల మాత్రం బెంగళూరుల ట్రైనింగ్ అని చెప్పిండ్రట. ఇప్పుడే చూడనియ్యరట, డిసెంబర్ల పిలుస్తమన్నరట. పొద్దుగాల పోరగాళ్లను వాకిట్ల నిలవెట్టి కసరత్తు చేయిస్తరట. గేటు సందుల నుంచి ఒకసారి వాని వీపు కనవడ్డదట. గందుకే బూటు దారం. గందుకే నడక.

నాకెందుకు చెప్తున్నరని అడిగిన. ఆమె, "మీది నాకు తెలిసిపోయింది కదండీ. నాది మీకు తెలియకపోతే బాగోదు" అన్నది.

నాకు గూడ ఏడుపొచ్చింది. రోడ్డు పక్కపొంటి ఇద్దరం నిలవడి కండ్లు తుడుసుకున్నం. సుచిత్ర దూరం నుంచి ఏందే అని అడిగితె, కండ్లల్ల దుమ్ము వడ్డదని చెప్పిన.

మంచి మనిషి.

నవంబర్ 18

పొద్దుగాల మెసేజ్: తిన్నారా?

ఎందుకడుగుతాంది? ఎన్నడన్న అడిగిందా ఇంతకుముందు?

నవంబర్ 21

స్కూల్ నుంచి వచ్చేవరకు బాల గారు మా ఇంట్ల కూసున్నది. గోంగూర పచ్చడి తెచ్చింది. అత్తమ్మ కాళ్లు చాపుకొని ఆమెతోని ముచ్చట్లు వెడ్తాంది. పచ్చడి నాకి, గీమె చేతిల రుచి ఉన్నదని నాకు వినవడేటట్టు అన్నది.

బాల గారు గోడ మీద మా పెండ్లి ఫోటో దిక్కు జూసింది. జల్దీగ తల దించుకున్నది.

నేను చాయ్ పోసిన. ఏం మాట్లాడిండ్రో ఇద్దరు. ఆమె పోయినంక అత్తమ్మను అడిగిన. మంచిదే, పాపం అన్నది. ఎవరు పాపం అంటే చెప్పలే.

బుగులైతాంది. ఆమె నోట్ల నా ఇజ్జత్ ఉన్నది. ఆమెకు ఎప్పుడు మాట జారాలని వుడితె అప్పుడు జారుతది. ఆమె కొడుకు ముచ్చట నా కాడ ఉన్నది నిజమే. గని కొడుకు చెడిపోతె జనం తల్లిని పాపం అంటరు. మొగడు పోతె గట్లనరు.

నవంబర్ 24, ఆదివారం

బాల గారు రాలే. జరమట.

ముగ్గురమే నడిచినం. పొద్దు ఇంకా పొడవలే, సుచిత్ర మొదలువెట్టింది. రాఘవేందర్ అన్న దీపావళికి గూడ రాకపాయె, గదేం కంపెనీ అన్నది. లీవు లేదన్న. వీడియో కాల్ చెయ్యి, మేం గూడ పలకరిస్తం అన్నది. ఇప్పుడు డ్యూటీల ఉంటడన్న. కామేశ్వరి గారు నా మొఖంల మొఖం పెట్టి, "ఆదివారం కూడా డ్యూటీయేనా అమ్మా?" అన్నది. ఇద్దరు ఒకళ్ల దిక్కు ఒకళ్లు జూసుకున్నరు. సుచిత్ర నా చేతిల ఫోన్ కోసం చెయ్యి చాపింది.

అప్పుడు వచ్చింది నోట్లకెల్లి. నేను చెప్పాలని చెప్పలే. బాల గారి కొడుకు బెంగళూరుల లేడు, గా నీలం గేటు ఎనక ఉన్నడు అన్న.

ఇద్దరు ఆగిపోయిండ్రు. ఇగ నా ఫోన్ సంగతి మరిచిపోయిండ్రు. మొత్తం చెప్పమన్నరు. చెప్పిన. టీవీ పలగ్గొట్టింది, తండ్రి మీద చెయ్యెత్తింది, బూటు దారం, అన్నీ. కామేశ్వరి గారు మూడుసార్లు అయ్యో పాపం అన్నది. నాలుగోసారి, బెంగళూరు అని చెప్పి మా ఇంటికి స్వీట్లు కూడా పంపిందండీ అన్నది. సుచిత్ర నా భుజం మీద చెయ్యేసి నడిచింది. ఎన్నడూ ఏయలే. మేడ్చల్ వచ్చే దాక తియ్యలే.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్న. పెట్టిండ్రు.

ఎట్లనన్న తెలిసేదే. కామేశ్వరి గారిది పక్క ఇల్లే కద.

నవంబర్ 27

బాల గారికి జరం తగ్గిందట. మెసేజ్ పెట్టింది. తిన్నారా అని గూడ అడిగింది.

డిసెంబర్ 1, ఆదివారం

చెరువు దాక నడిచినం. కాళ్లు బొబ్బలెక్కినయ్.

వరుసగ రాస్త.

చీకటితోనే బయలెల్లినం. సుచిత్ర మస్తు సంబురంగున్నది. బాల గారికి బిస్కట్ పుడ నేనే ఇచ్చిన. పోయినసారి రాకపోతినని ఆమె అందరికీ సారీ చెప్పింది. పొగమంచు ఉన్నది. తుర్కపల్లి కంపెనీల కార్లు లైట్లు ఏసుకొని పోతున్నయ్.

నీలం గేటు ఎదురుంగ ఒక చాయ్ బండి ఉంటది. ఎన్నడూ ఆగలే ఆడ. ఇయ్యాల సుచిత్ర ఆగింది. చాయ్ తాగుదాం అన్నది. బాల గారు, ముందు ఊళ్లో తాగుదామండీ, ఇక్కడ దుమ్ము అన్నది. సుచిత్ర వినలే. నాలుగు గిలాసలు చెప్పింది. గేటు ఒక రెక్క తెరిచి ఉన్నది, పాల బండి లోపట్కి పోయింది అప్పుడే. వాకిట్ల పోరగాళ్లు వరుసలల్ల నిలవడి చేతులు పైకెత్తి దించుతున్నరు. అందరికీ ఒక్క తీరు బనీన్లు.

బాల గారు మా వీపుల చాటుకు జరిగింది. గిలాస రెండు చేతులతోని వట్టుకున్నది.

సుచిత్ర చాయ్ బండాయనను అడిగింది, లోపల ఎసొంటోళ్లు ఉంటరన్నా అని. ఆయన, తల్లిదండ్రులను ఆగం జేసినోళ్లు ఉంటరమ్మా అన్నడు. ఆయనకేం తెలుసు. కామేశ్వరి గారు, మంచి కుటుంబాల పిల్లలు కూడా ఉంటారా అని అడిగింది. ఉంటరన్నడు. ఏం చెప్పి చేరుస్తారో పాపం చుట్టుపక్కల వాళ్లకి, ఉద్యోగం అనీ ట్రైనింగ్ అనీ చెప్తారేమో అన్నది ఆమె. అనుకుంట బాల గారి దిక్కు చూడలే. నా దిక్కు జూసింది.

బాల గారు గూడ నా దిక్కు జూసింది.

నేను చాయ్‌ల బిస్కట్ ముంచిన. అది విరిగి లోపల వడ్డది. వేలితోని తీసుకుంట ఉన్న.

ఆడికి ఆగితె అయిపోతుండె. సుచిత్ర సెల్ఫీ అన్నది. మమ్మల్ని రోడ్డు దాటించి గేటుకు వీపు వెట్టి నిలవెట్టింది. బాల గారి జబ్బ వట్టుకొని నడుమ నిలవెట్టింది. ఆమె వద్దండీ అన్నది, అయినా నిలవడ్డది. అందరం నవ్వినం. అప్పుడు సుచిత్ర ఎనకకు తిరిగి, బడిల అటెండెన్స్ పిలిచినట్టు, "సుజిత్" అని పిలిచింది.

మూడో వరుసల ఒకడు చేతులు దించిండు. సన్నగున్నడు, తల్లి పోలికే లేదు. గుండు గీకిండ్రు. వాడు మమ్మల్ని జూసిండు. ముగ్గురం నవ్వుతున్నం, ఫోన్ ఇంకా పైననే ఉన్నది, నడుమ వాళ్లమ్మ చాయ్ గిలాస వట్టుకొని ఉన్నది. ఆమె మొఖం మీద గూడ ఫోటో నవ్వు ఇంకా పోలే.  వరుసల నుంచి బయటికొచ్చి లోపట్కి పోయిండు. సారు పిలిస్తె ఆగలే.

బాల గారు గిలాస తీస్కపోయి బండి మీద పెట్టింది. పెట్టి నడువవట్టింది. మా ముందట. ఎన్నడూ ముందట నడవనామె. సుచిత్ర, అరె మస్తు ఉరుకుతాంది అన్నది. మేం ఎంత జల్దీ నడిచినా అందలే. ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి పోయేటప్పుడు దూరం చిన్నగ కనవడ్డది, ఎర్ర చున్నీ. తర్వాత అదీ కనవడలే.

మేం పోయేవరకు బాల గారు చెరువు కట్ట మీద కూసున్నది. నేను పోయి పక్కన కూసున్న. నీళ్ల సీసా ఇచ్చిన. తాగింది. నీళ్ల మీద పిట్టలొచ్చినయ్, సుచిత్ర వాళ్లు ఫోటోలు దిగుతున్నరు. కారొచ్చినంక బాల గారు బస్సుకు పోతనన్నది. ఎవరూ బలవంతం జెయ్యలే. కార్ల సుచిత్ర, "నేను ఊకె పిలిచిన, వాడు నిజంగ చూస్తడని నాకేం తెలుసు" అన్నది. నిజమే. దానికెట్ల తెలుస్తది.

ఫోటో స్టేటస్ పెట్టింది. నేను మంచిగ పడ్డ.

డిసెంబర్ 3

పుణెల చలి బాగున్నదట.

డిసెంబర్ 8, ఆదివారం

బాల గారు రాలే. ముగ్గురమే. ద్రాక్ష తోట దాకనే పోయినం. సుచిత్రకు బుద్ధి కాలే. ఏం ముచ్చట్లు లేవన్నది.

తిరిగొచ్చేటప్పుడు నా చెప్పుల దిక్కు జూసింది.

డిసెంబర్ 12

స్కూల్ నుంచి రాంగనే బాల గారు. ఈసారి లోపట్కి రాలే, మెట్ల మీదనే కూసున్నది. నిన్న కొడుకును చూడనిస్తమని పిలిచిండ్రట. మొగుడు పెండ్లాం పోయిండ్రట. వానికిష్టమని సున్నుండలు చేసుకపోయింది. ఆఫీస్ రూంల పొద్దు మీకే దాక కూసోబెట్టిండ్రట. వాడు రాలే. లోపలి సారు వచ్చి చెప్పిండట, మా అమ్మ తన స్నేహితురాళ్లను తీసుకొచ్చి నన్ను చూపించింది, నవ్వుకుంటూ ఫోటో దిగింది, ఇంక నాకు ఆమె వద్దు అని వాడన్నడట. తండ్రిని ఒక్కణ్నే రమ్మన్నడట. చక్రపాణి గారు పోయి కలిసిండట. ఆమె బయట కూసున్నదట సున్నుండల డబ్బ వట్టుకొని.

కాలనీల గూడ అందరికి తెలిసిపోయింది. పార్కుల పిల్లలను వాళ్ల ఇంటి దిక్కు పోనిస్తలేరట.

ఆమె నన్ను అడిగింది. ఏడుస్తలేదు. "రోజా గారూ, నేను ఈ ఊళ్లో ఒక్కరికే చెప్పాను. మీరు చెప్పారా?"

లేదు అన్న. నా గొంతు మంచిగనే వచ్చింది. కామేశ్వరి గారికి ముందే తెలుసట, ఆమెనే సుచిత్రకు చెప్పిందట, మీ ఇంటి గోడ పక్కనే కద అన్న. ఆమె చాలాసేపు నా మొఖం జూసింది. నేను గూడ జూసిన. అప్పుడు ఆమె నా రెండు చేతులు వట్టుకున్నది. "మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి. పదిరోజుల నుంచీ మిమ్మల్నే తిట్టుకుంటున్నాను" అన్నది. నా కాళ్లకు దండం వెట్టవొయ్యింది, నేనే ఆపిన.

ఏమనుకోనండి అన్న.

ఆ ఇల్లు ఖాళీ చేసి, కొడుకు బయటికొచ్చే దాక తమ్ముని కాడికి కుత్బుల్లాపూర్ పోతున్నరట. మిమ్మల్ని మాత్రం వదలను, రోజూ ఫోన్ చేస్తాను అన్నది.

కుత్బుల్లాపూర్. ఇంకెక్కడ జాగ దొరకలే.

డిసెంబర్ 15, ఆదివారం

సుచిత్ర, రోజా పుణె పోతవా, మేం గూడ వస్తం, అన్న రూం చూసొద్దాం అన్నది. కామేశ్వరి గారు టికెట్లు ఫోన్లనే బుక్ చేయొచ్చు అన్నది. నవ్విన.

మాట మార్చెతందుకు బాల గారు రోజు ఫోన్ల ఎట్ల మాట్లాడుతదో చేసి చూపిచ్చిన. ఆయాసపడుకుంట, "మా సుజిత్ ఇవాళ కూడా మాట్లాడలేదండీ" అని. సుచిత్ర రోడ్డు మీద కూలవడి నవ్వింది. నాకింత మంచిగ యాక్టింగ్ వస్తదని తెల్వదన్నది. మళ్ల చెయ్యమన్నది. మళ్ల చేసిన.

డిసెంబర్ 18

అత్తమ్మ అడిగింది, గా లావాటామె వస్తలేదేంది అని. ఊరు మారిందన్న.

బాల గారి ఫోన్ రెండుసార్లు వచ్చింది. ఎత్తలే.

డిసెంబర్ 22, ఆదివారం

ఇయ్యాల కిష్టాపూర్ దిక్కు పోయినం. చలి. సుచిత్ర చేతిల మా పాత పెండ్లి కార్డు ఫోటో ఉన్నది ఫోన్ల, ఎక్కడ దొరికిందో, రాఘవేందర్ పేరు పక్కన నా పేరు సదివి నవ్వుకుంట వస్తాంది. ఇద్దరు గుసగుసలు. నేను ఏం ముచ్చట దీసినా హూ హూ అంటున్నరు.

గప్పుడే బాల గారి ఫోన్ వచ్చింది.

నాకు పాణం లేచొచ్చింది. ఇగ సప్పుడు చేయకుండ్రి, వినుండ్రి అని చెప్పి స్పీకర్ పెట్టిన. ముగ్గురం రోడ్డు పక్కన మైలురాయి కాడ తలలు దగ్గరవెట్టి నిలవడ్డం.

ఆమె, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరు చెప్పండి అన్న. సుచిత్ర దిక్కు కన్ను గొట్టిన. అది మూతికి చున్నీ అడ్డం వెట్టుకున్నది.

"రోజా, నేను చెప్పకూడదనే అనుకున్నాను. నిన్నటి నుంచీ రెండు మూడు సార్లు చేసి మీరు ఎత్తకపోతే మంచిదే అనుకున్నాను కూడా. కానీ రేపు ఇంకెవరి నోటి నుంచో వింటే మీరు తట్టుకోలేరు. నిన్న ఎదురింట్లో ఆవిడకి సీమంతం చేశారు. మీ ఆయన పక్కనే కూర్చున్నారు. నేను వెళ్లలేదు, కిటికీలోంచి కనిపించింది. మీరు పిల్లల కోసం ఎంత తిరిగారో నాకు చెప్పారు కదా, అందుకే..."

ఆపాలె. వేలు ఎర్ర గుర్తు మీద పెట్టిన గని పడలే, చేతికి చెమట. ఆమె మాట్లాడుతనే ఉన్నది. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను, మీరు పుణె అనే చెప్పుకోండి, మీరు ఒక్కరే ఉండకండి, మా ఇంటికి వచ్చేయండి రెండు రోజులు అన్నది. ఏడ్సింది. నా కోసం ఏడ్సింది. అది గూడ అందరు విన్నరు.

ఫోన్ కట్ అయింది. ఒక టిప్పర్ పోయింది. దుమ్ము.

కామేశ్వరి గారు అయ్యో పాపం అన్నది. మూడుసార్లు అన్నది. సుచిత్ర చున్నీ మూతి మీద నుంచి తీసింది. "పుణెల సీమంతాలు గూడ మంచిగనే జేస్తరన్నట్టు" అన్నది.

అని, ఎండొస్తాంది నడువుండ్రి అన్నది. నడిచినం. నేను గూడ నడిచిన. ఇంటికి ఎట్లొచ్చిన్నో, గా ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో ఏం వినలే.

డిసెంబర్ 23

స్కూల్‌కు పోలే.

అత్తమ్మకు చెప్పిన. మీ కొడుకు పుణెల లేడు, కుత్బుల్లాపూర్‌ల ఉన్నడు, ఆమెకు నెలలు నిండుతున్నయ్ అన్న. ఆమె గోడ దిక్కు జూసింది.  నేను పక్కన కూసోని ఆమె భుజం మీద చెయ్యేసిన. నా అసొంటిదే కద ఆమె గూడ.

చెయ్యి తీసి పక్కన పెట్టింది. లేసి రెండు చీరలు సంచిల మడతవెట్టుకున్నది. కుత్బుల్లాపూర్‌కు ఏ బస్సు పోతదని అడిగింది.

పుట్టేటాళ్లకు అవ్వ ఉండాలె కద అన్నది. నా దిక్కు జూసి అనలే. సంచి దిక్కు జూసి అన్నది.

డిపో కాడ నేనే ఎక్కిచ్చిన.

డిసెంబర్ 25

గ్రూప్ తెరిచి చూసిన. సుచిత్ర నన్ను తీసేసింది. లేదు, తీసెయ్యలే. వాళ్లిద్దరే అండ్లకెల్లి బయటికి పోయిండ్రు. గ్రూప్ అట్లనే ఉన్నది. నేనొక్కదాన్నే ఉన్న అండ్ల, గా వంగి బూటు దారం కట్టుకునే ఫోటో ఉన్నది.

బాల గారి ఫోన్లు పొద్దటి సంది. అత్తమ్మ కనవడిందట ఆమెకు. ఎట్లున్నారు, తిన్నారా అని మెసేజ్.

ఇదంతా ఆమె నోటి పుణ్యమే. పక్కన ఎవరున్నరో అనుకోకుండ అంత గట్టిగ ఎవలన్న మాట్లాడుతరా? ఆమెకు తెలిసే ఉంటది. నేను గేటు కాడ ఏం అనలేదని, కడుపుల పెట్టుకొని, సమయం జూసి చెప్పింది. మెత్తగ మాట్లాడేటోళ్లంత గంతే. నేను మొదటి నాడే అనుకున్న, ఎప్పటికన్న చెప్తదని. చెప్పింది.

నంబర్ బ్లాక్ జేసిన. ఎప్పుడో జెయ్యాల్సింది.

డిసెంబర్ 29, ఆదివారం

జల్దీ లేసిన. చెప్పులు తొడుక్కొని మేం కలిసే చెక్‌పోస్ట్ కాడ పొద్దెక్కే దాక నిలవడ్డ. ఎవరూ రాలే. లేటయితుండొచ్చు, చలి కద. మెల్లగ నడుస్తుంటె వాళ్లే వచ్చి కలుస్తరని పూడూరు దాక ఒక్కదాన్నే పోయొచ్చిన.

ఫోన్ మోగలే.